ఆడలేక మద్దెల మారుస్తున్నామా?

నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే వీసా, ఇల్లు, బంగారం గురించి మాట్లాడుకోవడం పాత సంగతే. గిటార్ పట్టుకున్నవాళ్ళు నలుగురు చేరితే మాత్రం ఇప్పుడు ఒకటే చర్చ: ఏ మోడలర్ మంచిది? హీలిక్సా, క్వాడ్ కార్టెక్సా, కెంపరా, ఫ్రాక్టలా? మన నేపర్‌విల్, అరోరా చుట్టుపక్కల ఉగాది కార్యక్రమాల్లో, వినాయక చవితి పందిళ్ళలో పాటలకు గిటార్ వాయించేవాళ్ళు బాగానే ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళున్నారు, నాలాగా కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నవాళ్ళున్నారు, ట్రక్కు నడిపేవాళ్ళూ ఉన్నారు. రెండు గంటలు కూర్చుంటే గంటా నలభై నిమిషాలు పెట్టెల మీద వాదన, ఇరవై నిమిషాలు వాయింపు. ఆ ఇరవైలో కూడా పది నిమిషాలు కేబుల్ వెతుక్కోవడానికే పోతుంది.

నా అభిప్రాయం ముందే సూటిగా చెప్పేస్తాను. ఈ పెట్టెలు మనలాంటివాళ్ళకు నిజంగా పనికొచ్చేవే. వాటిలో ఏది గొప్ప అన్న పోలిక మాత్రం ఒక హద్దు దాటాక శుద్ధ దండగ. ఆ దండగలో పోయేది డబ్బొక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు.

గిటార్‌తో పరిచయం లేనివాళ్ళ కోసం కొంచెం వివరం. ఎలక్ట్రిక్ గిటార్ తీగల నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని పెంచి స్పీకర్‌కు అందించేది ఆంప్లిఫయర్, వాడుకలో ఆంప్. మన ఊళ్ళో పెళ్ళికీ గుడికీ పెట్టే అహూజా మైకు సెట్టు పని ఉన్న శబ్దాన్ని ఉన్నట్టు పెద్దది చెయ్యడం. గిటార్ ఆంప్ అలా కాదు, వాద్యంలో అదీ సగం. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు వాల్వులు ఉండేవి కదా, అసలైన గిటార్ ఆంపుల్లో ఉండేవి అలాంటివే. వాటిని గట్టిగా పని చేయిస్తే శబ్దం కొంచెం చిట్లి, బొంగురుపోయి, అదే ఒక అందంగా వినిపిస్తుంది. ఫెండర్‌ది ఒక గొంతు, మార్షల్‌ది ఒక గొంతు, వాక్స్‌ది ఇంకో గొంతు. నిజానికి 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపులో తయారైన మొదటి ఆంపే అమెరికా ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను చూసి చేసింది. కాబట్టి అనుకరణ ఈనాటిదేం కాదు.

ఈ గొంతులన్నిటినీ ఒక చిప్పులోకి ఎక్కించి అనుకరించేదే మోడలర్. 1998లో లైన్ 6 కంపెనీ రాజ్మా గింజ ఆకారంలో ఎర్రటి పాడ్‌ను తెచ్చింది. తర్వాత ఫ్రాక్టల్ ఆడియో వాళ్ళ ఆక్స్-ఎఫ్ఎక్స్ వచ్చింది. 2011లో జర్మనీ నుంచి కెంపర్, 2015లో మళ్ళీ లైన్ 6 వాళ్ళదే హీలిక్స్, 2020లో ఫిన్లాండ్ కంపెనీ ప్రకటించిన క్వాడ్ కార్టెక్స్, 2023లో ఫెండర్ వాళ్ళ టోన్ మాస్టర్ ప్రో. వరస ఆగలేదు, ఆగదు కూడా.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. మా సైటు భాషలో చెప్తాను. హీలిక్స్, ఫ్రాక్టల్ లాంటివి డ్రాయింగ్ చూసి కట్టిన ఇల్లు. ఏ వాల్వు ఏం చేస్తుంది, ఏ కెపాసిటర్ ఏం చేస్తుంది అని సర్క్యూట్‌ను ముక్కముక్కగా లెక్కగట్టి తయారుచేస్తారు. అందుకే నాబ్ తిప్పితే అసలు ఆంప్‌లో మారినట్టే ఇందులోనూ మారుతుంది. కెంపర్‌లో, టోనెక్స్‌లో ఉండే పద్ధతి వేరు. అది నిలబడి ఉన్న పిల్లర్ చుట్టూ అచ్చు తీసుకోవడం. అసలు ఆంప్‌లోకి కొన్ని శబ్దాలు పంపి, బయటికి ఏమొచ్చిందో విని, ఆ తేడాను నేర్చుకుంటుంది. అచ్చు అచ్చంగా దిగుతుంది, కానీ ఆ రోజు నాబ్‌లు ఎక్కడున్నాయో అక్కడి గొంతే నికరంగా వస్తుంది. పిల్లర్ సైజు మార్చాలంటే అచ్చు పనికిరాదు, మళ్ళీ డ్రాయింగ్ దగ్గరికే పోవాలి. రెండిట్లో ఏది గొప్ప అని కొట్టుకోవడం అనవసరం. క్వాడ్ కార్టెక్స్ లాంటి వాటిలో రెండూ కలిసే ఉన్నాయి.

ఇవి మనకెందుకు పనికొస్తాయో తెలియాలంటే గోడల సంగతి చెప్పాలి. అది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను, ఓపిక పట్టండి.

మన ఊళ్ళో తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఇక్కడ రెండు బై నాలుగు చెక్క స్టడ్లు 16 అంగుళాలకొకటి నిలబెట్టి, అటూ ఇటూ అరంగుళం డ్రైవాల్ కొడతాం. లోపలంతా డొల్ల. గోడ శబ్దాన్ని ఎంత ఆపుతుందో ఎస్‌టీసీ అనే అంకెతో కొలుస్తారు. ఇంట్లో గదికీ గదికీ మధ్య ఉండే ఇలాంటి మామూలు గోడకు అది 33 నుంచి 35 దాకా ఉంటుంది. అంటే ఇటు గట్టిగా మాట్లాడితే అటు మాటలు తెలుస్తాయి. అపార్ట్‌మెంటుకూ అపార్ట్‌మెంటుకూ మధ్య కనీసం 50 ఉండాలని ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ లెక్క మొదలయ్యేదే 125 హెర్ట్జ్ దగ్గర. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను ఊరికే మీటితే వచ్చేది 82 హెర్ట్జ్. కోడ్ కొలవని సందులోంచే మన శబ్దం పక్కింటికి పోతోందన్నమాట.

చిన్న ఆంప్ కొనుక్కుంటే సరిపోదా అంటారు. 50 వాట్ల నుంచి 5 వాట్లకు దిగితే చెవికి శబ్దం పదో వంతు కాదు, సుమారు సగానికి మాత్రమే తగ్గినట్టు ఉంటుంది. చాలా గిటార్ స్పీకర్లు ఒక్క వాటు ఇస్తేనే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ పలుకుతాయి. వాల్వు ఆంప్ అందం బయటికి రావాలంటే గట్టిగా పెట్టాలి, గట్టిగా పెడితే కింది ఫ్లోర్ ఆవిడ తలుపు కొడుతుంది. మోడలర్‌కు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే రాత్రి పదకొండుకు కూడా మార్షల్ ఆంప్‌ను నిండా తిప్పి వాయించుకున్నట్టే. షార్జాలోనో దోహాలోనో ఒకే గదిలో ఆరుగురు బంకు బెడ్ల మీద సర్దుకుంటున్న తమ్ముళ్ళకైతే ఇది ఇంకా పెద్ద వరం. నైట్ డ్యూటీ చేసొచ్చి పక్క బెడ్డు మీద పడుకున్నవాడి నిద్ర చెడదు. కాబట్టి మొదటి పెట్టె కొనడాన్ని దుబారా అనను. నా పేచీ అంతా రెండోదానితో, మూడోదానితో.

కట్టడంలో టోలరెన్స్ అని ఒక మాట ఉంది. గోడ తూకంలో ఇంత తేడా వరకు పర్వాలేదు అని ఒక అంకె ఉంటుంది. దాని లోపల ఉంటే గోడ పాసు. దానికన్నా పదిరెట్లు నిక్కచ్చిగా కట్టానని మేస్త్రీ మీసం మెలేసినా ఎవరూ ఎక్కువ డబ్బివ్వరు. పేరున్న మోడలర్లన్నీ ఆ హద్దు లోపలికి వచ్చి చాలా ఏళ్ళయింది. పేరు చెప్పకుండా, వాల్యూమ్ సమానంగా పెట్టి వినిపిస్తే ఏది ఏదో చెప్పడం ఏళ్ళ తరబడి వాయించినవాళ్ళకే కష్టం. వాల్యూమ్ సమానంగా అన్నది ఇక్కడ ముఖ్యం. రెండిట్లో కొంచెం పెద్దగా వినిపించేదే మంచిదని చెవి అనుకుంటుంది. డెమో చేసేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు.

ఇంకో తిరకాసు ఉంది. శబ్దం సన్నగా ఉన్నప్పుడు చెవికి బేస్ మిగతా వాటికన్నా ఎక్కువగా తగ్గిపోయి వినిపిస్తుందని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. మనవాడు రాత్రిపూట సన్నటి శబ్దంతో హెడ్‌ఫోన్స్‌లో బేస్ పెంచి ప్రీసెట్ తయారుచేసుకుంటాడు. అదే ప్రీసెట్ ఉగాది రోజు హాల్లో పెద్ద స్పీకర్ల మీద పెడితే గోనెసంచి కప్పుకుని వాయించినట్టుంటుంది. మర్నాడు పొద్దున్నే పెట్టె అమ్మకానికి పెట్టేస్తాడు. పెట్టె ఏం చేసింది పాపం? బేస్ నాబ్ తగ్గిస్తే పోయేది.

లేటెన్సీ మీద కూడా పెద్ద రభస. ఒకదానిలో రెండు మిల్లీసెకన్ల ఆలస్యమట, ఇంకోదానిలో మూడట. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు సుమారుగా ఒక అడుగు నడుస్తుంది. మూడు మిల్లీసెకన్లంటే ఆంప్‌కు మూడడుగుల దూరంలో నిలబడ్డట్టు. స్టేజీ మీద అంతకన్నా దూరంగానే నిలబడతాం కదా! బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో మాత్రం వాయించలేరు, అక్కడ ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటిపోవడం మామూలే. వైరున్న హెడ్‌ఫోన్స్ కొంచెం మంచివి కొనుక్కోండి. పెట్టె మార్చడం కన్నా హెడ్‌ఫోన్సో స్పీకరో మారిస్తేనే తేడా ఎక్కువ తెలుస్తుంది.

అసలు మన చెవులెలా ఉన్నాయో కూడా చూసుకోవాలి. కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటల వరకు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. కాంక్రీటు కోసే రంపం పక్కన ఇయర్ ప్లగ్గులు లేకుండా నిలబడితే ఆ రోజు కోటా టీ టైముకు ముందే అయిపోతుంది. అలా ఏళ్ళ తరబడి పనిచేస్తే ముందుగా దెబ్బ తినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. రెండు పెట్టెల మధ్య పదును, మెరుపు అని మనవాళ్ళు వాదించుకునే తేడాలు చాలావరకు ఉండేదీ ఆ ప్రాంతంలోనే. చెవిలో లేనిదాన్ని పెట్టెలో వెతుక్కుంటున్నామన్నమాట. ఇయర్ ప్లగ్గులు సైటు ఆఫీసులో డబ్బా నిండా ఊరికే ఉంటాయి. గుప్పెడు జేబులో వేసుకోండి, సంగీతం కోసమైనా.

ఇన్ని తెలిసీ ఎందుకు కొంటాం? స్టీలీ డాన్ బ్యాండు గిటారిస్టు వాల్టర్ బెకర్ 1990ల్లో ఒక గిటార్ పత్రికలో రాస్తూ ఈ పిచ్చికి ఒక జబ్బు పేరే పెట్టాడు, గిటార్ అక్విజిషన్ సిండ్రోమ్ అని. తర్వాత గిటార్ పోయి గేర్ వచ్చింది. ఇది తెల్లవాళ్ళకూ ఉంది, నల్లవాళ్ళకూ ఉంది, అందరికీ ఉంది. కానీ మనలో దీనికి ఇంకో వేరు ఉందని నాకనిపిస్తుంది. మా తరానికి చిన్నప్పుడు గిటార్ అంటే జిల్లా కేంద్రంలో మ్యూజిక్ షాపు అద్దంలో వేలాడే కలకత్తా గివ్‌సన్. ఎలక్ట్రిక్ గిటార్ దగ్గర్నుంచి చూడాలంటే చర్చి బ్యాండుకో, తిరునాళ్ళకు వచ్చే ఆర్కెస్ట్రా పార్టీకో పోవాలి. అప్పుడు అద్దానికి ముక్కు ఆనించి చూసిన వస్తువు ఇప్పుడు ఫోన్లో బొటనవేలి దూరంలో ఉంది. చెయ్యి ఆగదు. దాన్ని నేను వెక్కిరించను.

వెక్కిరించాల్సింది మన లెక్కల్ని. ఇంటి దగ్గర బోరు మోటారు కాలిపోయిందని నాన్న ఫోన్ చేస్తే వెంటనే రూపాయల్లో ఆలోచిస్తాం. "అంత ఎందుకైంది? ఇంకో మెకానిక్‌ని అడిగావా?" అంటాం. పెట్టె కొనేటప్పుడు మాత్రం రూపాయి గుర్తుకే రాదు. టోన్ మాస్టర్ ప్రో వచ్చినప్పుడు దాదాపు 1,700 డాలర్లు. "నాలుగు శనివారాలు ఓవర్‌టైమ్ చేస్తే అదే వచ్చేస్తుంది" అనుకుంటాం. ఆ నాలుగు శనివారాలే కదా వాయించుకోవడానికి మనకున్నవి!

అసలు నష్టం ఇక్కడుంది. పోలిక ఎందుకంత తీపిగా ఉంటుందంటే దానికి వేళ్ళు అక్కర్లేదు. జనవరి చలిలో పది గంటలు నిలబడి వచ్చాక వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి. ఎఫ్ మేజర్ కార్డు పట్టాలంటే నరకం. మంచం మీద పడుకుని ఫోన్లో రెండు పెట్టెల డెమో చూడటానికి ఏ కష్టమూ లేదు, పైగా సాధన చేసినంత తృప్తి. ఇలా ఒక చలికాలం గడిచిపోతుంది. సంగీతం కోసం మిగుల్చుకున్న ఆ కాస్త పొద్దునూ సంగీతం పేరు చెప్పి షాపింగ్ తినేస్తుంది. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో ఉండి ఒంటరిగా ఉంటున్నవాళ్ళకు ఇది మామూలు నష్టం కాదు. వాళ్ళకు గిటార్ సరదా మాత్రమే కాదు, సాయంత్రాలు గడిపే దారి, నలుగురితో కలిసే సాకు. పెట్టెల వెంట పడితే ఆ నలుగురి మధ్యా పోటీ మిగులుతుంది, పాట మిగలదు.

ఇంకో సంగతి మనం పైకి అనుకోం. మన బతుకు రెండు సూట్‌కేసుల బతుకు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే గడువు మహా అయితే 60 రోజులు. గల్ఫ్‌లో వీసా రద్దయితే చెప్పక్కర్లేదు. వెళ్ళేముందు వారంలో అమ్ముకునే సామాను ఎవడైనా సగం ధరకే అడుగుతాడు. పాత వాల్వు ఆంపులు కొంత విలువైనా నిలబెట్టుకుంటాయి. మోడలర్ అలా కాదు, అది సెల్‌ఫోన్ జాతి. కొత్త మోడల్ వచ్చిన రోజే పాతదాని ధర జారుతుంది.

అలాగని సామానుదేమీ లేదు, అంతా సాధనే అనే వేదాంతం కూడా నాకు నచ్చదు. సామాను మారిస్తేనే సంగీతం మారిన సందర్భాలున్నాయి. మన పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్‌నే తీసుకోండి. 1969లో పుట్టాడు, ఆరేళ్ళ వయసులో నాన్నగారి మాండొలిన్ పట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లాడు వాయించేవాడు. గాత్రంలోని గమకం తీగ మీద పలకాలి. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. జంట తీగల్ని లాగి గమకం పలికించడం కష్టం, నాదం కూడా వెంటనే ఆరిపోతుంది. అందుకని ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టి, చివరికి ఐదు తీగల వాద్యం చేసుకున్నాడు. 1978లో తొమ్మిదేళ్ళ వయసులో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ. కర్ణాటక సంగీతానికి కరెంటు వాద్యమేమిటని ముక్కు విరిచినవాళ్ళు లేకపోలేదు. 1998లో పద్మశ్రీ వచ్చింది. జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి గిటారిస్టు పక్కన కూర్చుని ప్రపంచమంతా తిరిగాడు. 2014లో 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. ఆయన మార్చింది కూడా సామానే. కానీ ముందు గమకం అడిగింది, తర్వాత తీగ మారింది.

ఇక్కడి మనిషిని కూడా చెప్పాలి. నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్ళే మెట్రా రైలు దారిలో వెస్ట్‌మాంట్ అని చిన్న స్టేషను వస్తుంది. మడ్డీ వాటర్స్ తన చివరి పదేళ్ళూ ఆ ఊళ్ళోనే ఉండి 1983లో చనిపోయాడు. ఆయనా మనలాగా వలస కూలీయే. 1943లో మిసిసిపీ పత్తి చేల నుంచి రైలెక్కి షికాగో వచ్చి, పగలు ఫ్యాక్టరీలో పనిచేసి, ట్రక్కు నడిపి, రాత్రి బార్లలో వాయించేవాడు. ఊరి నుంచి తెచ్చుకున్న వాయింపు మామూలు గిటార్‌ది. షికాగో బారులో తాగినవాళ్ళ గోలలో అది వినపడదు. 1944 ప్రాంతంలో ఎలక్ట్రిక్ గిటార్ చేతికొచ్చింది, ఆంప్ తోడైంది. షికాగో బ్లూస్ అని ప్రపంచం చెప్పుకునే శబ్దంలో పెద్ద భాగం అక్కడ పుట్టింది. తర్వాత 1950ల చివర్నుంచి ఒక ఎర్ర టెలికాస్టర్‌తో ఇంచుమించు బతుకంతా లాగించాడు. గోల ఎక్కువైంది, ఆంప్ కావాల్సొచ్చింది, పెట్టుకున్నాడు. ఇదీ కొనడానికి కారణం అంటే.

కాబట్టి కొనేముందు నేనడిగే ప్రశ్న ఒక్కటే. ఉన్న పెట్టెతో చెయ్యలేకపోయిన పని ఏమిటి? పాట పేరు చెప్పు, అందులో ఏ చోట చెయ్యలేకపోయావో చెప్పు. సమాధానం ఉంటే కొనుక్కో, నేనే వచ్చి కారులో ఎక్కించి పెడతా. సమాధానం లేక, "అందులో ఫీల్ రావట్లేదన్నా" అంటే అది ఆడలేక మద్దెల ఓడు.

సరదాకు కొనుక్కుంటే తప్పేంటి, తాగి తగలేసేవాళ్ళ కన్నా నయం కదా అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. న్యాయమైన మాటే. గడియారాలు పోగుచేసేవాళ్ళున్నారు, చీరలు పోగుచేసేవాళ్ళున్నారు. పెట్టెలు పోగుచెయ్యడమే సరదా అయితే అలాగే పోగుచెయ్యండి. కాకపోతే దాన్ని సాధన ఖాతాలో రాయొద్దు. అప్పు చేసి అసలే వద్దు. షాపుల వాళ్ళిచ్చే "వడ్డీ లేని వాయిదాలు" అన్నిటిదీ ఒకటే రకం కాదు. కొన్నిటిలో గడువు లోపల మొత్తం కట్టకపోతే, ఒక్క డాలరు మిగిలినా, మొదటి రోజు నుంచీ వడ్డీ లెక్కగట్టి ఒకేసారి వేస్తారు. కాగితంలో డిఫర్డ్ ఇంటరెస్ట్ అనే మాట కనిపిస్తే పెన్ను కింద పెట్టండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు చెప్పేదేమంటే, తక్కువలోనే బోలెడంత ఉంది. టోనెక్స్ వన్ అని అరచేతిలో పట్టే పెట్టె 2024లో వచ్చినప్పుడు సుమారు 180 డాలర్లు. ల్యాప్‌టాప్ ఉంటే న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే చిన్న ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు. సెకండ్ హ్యాండ్ కొనడానికి సిగ్గుపడకండి. పాత సంగీత వాద్యాలు కొనేవాళ్ళనూ అమ్మేవాళ్ళనూ కలిపే రివర్బ్ పుట్టింది 2013లో మన షికాగోలోనే. ఒక తరం పాత మోడలర్‌ను మనకన్నా ముందు ఎవరో కొత్తమీద మోజుతో వదిలించుకుని ఉంటారు, వాళ్ళ మోజు మనకు లాభం. ఊరికి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసుందో లేదో చూసి కొనండి. ఇక్కడి 120 వోల్టుల వాల్వు ఆంప్‌ను మన 230లో నేరుగా పెడితే పాలకొల్లు దాకా పొగ కనిపిస్తుంది.

చివరగా ఒక ప్రతిపాదన. సైటులో ఖరీదైన పనిముట్లు ప్రతి మనిషీ కొనుక్కోడు. లేజర్ లెవెల్ ఒకటే ఉంటుంది, స్టోరు రూములో రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్తాం, పనయ్యాక తెచ్చి పెడతాం. మన ఊళ్ళో మేళం సామాను భజన మందిరంలో ఉమ్మడిగా ఉండేది కూడా ఇలాగే. నేపర్‌విల్, అరోరాల్లో వాయించేవాళ్ళం తలా ఒక నూరు డాలర్లు వేసుకున్నా ఒక మంచి మోడలర్, ఒక పవర్డ్ స్పీకరు, రెండు మైకులు ఉమ్మడిగా వచ్చేస్తాయి. ఎవరికి కొత్త పెట్టె మీద మనసైతే వాళ్ళు రెండు వారాలు ఇంటికి తీసుకెళ్ళి వాయించి చూడొచ్చు. రెండు వారాలు వాయిస్తే చాలామందికి కోరిక అక్కడితో తీరిపోతుందని నా అనుభవం. పొడి బేస్‌మెంట్ ఉన్న ఇల్లు ఒకటి కావాలి. వేసవిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ నేను తెస్తాను. రిజిస్టరుకు రూళ్ళ పుస్తకం ఒకటి కొన్నాను. తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ, ఏ కేబుల్ పోయిందో రాయడానికి ఒక గడి, వాయించిన పాట పేరు రాయడానికి ఇంకో గడి గీసి ఉంచాను.